పార్కు స్థలం ఎవరిది?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు: పట్టణ ప్రణాళికా విభాగంలో పనిచేసి రిటైరైన మా రచయిత్రి

ప్రశ్న: అమ్మగారూ, నమస్కారం. మా కాలనీ 1980లలో వేసిన లేఅవుట్. మధ్యలో పార్కు కోసం వదిలిన ముప్పాతిక ఎకరం స్థలం ఇన్నాళ్లూ ముళ్లకంపలతో ఉండిపోయింది. పోయిన నెల కొందరు వచ్చి కంపలు కొట్టించి, తాడు పట్టి కొలిచి, ప్లాట్లుగా రాళ్లు పాతారు. లేఅవుట్ వేసినాయన వారసులమని, తమకు రాసివ్వమని మున్సిపాలిటీ ఏనాడూ అడగలేదు కాబట్టి స్థలం ఇప్పటికీ తమదేనని అంటున్నారు. ఆఫీసుకు వెళితే ‘అది మా రిజిస్టర్‌లో లేదు’ అన్నారు. మేమేం చేయాలి?
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా

జవాబు: మాస్టారూ, ముందుగా చెప్పేది ఒకటే. ఆ రాళ్ల దగ్గర నిలబడి వాదనకు దిగకండి. అక్కడ గొంతు పెద్దదైనవాడిదే పైచేయి అవుతుంది. మీ బలమంతా కాగితాల్లో ఉంది, అదీ చాలావరకు మీ కాలనీ వాళ్ల బీరువాల్లోనే ఉంది.

పార్కును ఆనుకుని ఉన్న ప్లాట్లు కొన్నవారిని పిలిచి, వారి అసలు దస్తావేజులు తీయమనండి. చివర్లో హద్దులు రాసిన చోటు చూడండి. ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు, పడమర: పార్కు స్థలం’ అని తప్పకుండా ఉంటుంది. దానికింద సంతకం ఎవరిది? లేఅవుట్ వేసినాయనదే. ఆయన స్వహస్తంతో అది పార్కు అని ఒప్పుకుని, పార్కు పక్క ప్లాటని చెప్పి సొమ్ము తీసుకున్నారు. ఇప్పుడు వారసులు దాన్ని తమ ఇంటి స్థలం అనడానికి వీల్లేదు. అలాంటి దస్తావేజులు నాలుగు దొరికితే చాలు, మీ కేసుకు వెన్నెముక ఉన్నట్టే.

రెండోది లేఅవుట్ నకలు. మంజూరైన ప్రతి లేఅవుట్‌కూ ఒక ఎల్.పి. నంబరు ఉంటుంది. పాత నకళ్లు నీలం గీతల అమోనియా ప్రింట్లు. వెలుగు తగిలితే గీతలు వెలిసిపోతాయి, మడత దగ్గర చిరుగుతాయి. నేను పనిచేసిన ఒక పట్టణంలో రికార్డు గది నిండా అలాంటి చుట్టలే, చాలావాటి మీద నంబరు చీటీ కూడా ఊడిపోయింది. అందుకని ఒక్క మున్సిపల్ ఆఫీసులోనే అడిగి ఊరుకోవద్దు. టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఇంకో నకలు ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో రెండు చోట్లా దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘పార్కు వివరాలు ఇవ్వగలరు’ అని ముక్తసరిగా రాయకండి. ఎల్.పి. నంబరు, సర్వే నంబరు, గ్రామం పేరు రాసి, మంజూరు ఉత్తర్వు నకలు, లేఅవుట్ పటం నకలు, ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు అప్పగించిన గిఫ్ట్ డీడ్ నకలు అని విడివిడిగా అడగండి. గిఫ్ట్ డీడ్ లేదని జవాబు వచ్చినా కంగారు పడవద్దు. ‘లేదు’ అన్న ఆ కాగితం కూడా పనికొస్తుంది.

ఎందుకంటే గిఫ్ట్ డీడ్ రాయించుకోకపోవడం ఆఫీసు నిర్లక్ష్యం. దానివల్ల పార్కు ప్లాట్లుగా మారిపోదు. ఇప్పటి నిబంధనలు ఈ విషయంలో గట్టివి. ఆంధ్రప్రదేశ్ 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం విస్తీర్ణంలో పది శాతం ఖాళీ స్థలంగా వదలాలి, రోడ్లతో పాటు దాన్నీ ఉచితంగా స్థానిక సంస్థకు రిజిస్టర్ చేసి ఇవ్వాలి. లేఅవుట్ పనులన్నీ పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు హామీగా తనఖాలో ఉంటాయి. మీ కాలంలో ఈ కట్టుబాట్లు ఇంత పకడ్బందీగా లేవు. ఆ సందులోంచే ఇప్పుడు వారసులు వస్తున్నారు.

ఇక ‘పార్కు గురించి అడగడానికి మీరెవరు’ అంటే చెప్పడానికి ఒక పేరు గుర్తుంచుకోండి: ముద్దప్ప కేసు. బెంగళూరు సదాశివనగర్‌లో లేఅవుట్ పటంలో పార్కుగా చూపిన స్థలాన్ని, ముఖ్యమంత్రి స్థాయిలో చెప్పారని, అక్కడి అభివృద్ధి సంస్థ ఒక ప్రైవేటు ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కోసం కేటాయించింది. ఆ వీధుల వాళ్లు కోర్టుకు వెళ్లారు. ఆసుపత్రి కూడా ప్రజలకు ఉపయోగమే కదా అని అవతలివారి వాదన. 1991లో సుప్రీంకోర్టు కేటాయింపు చెల్లదంది. పార్కుగా ప్రజలకు చూపిన స్థలాన్ని ప్రైవేటు వ్యక్తుల చేతికి ఇచ్చే అధికారం ఆ సంస్థకు లేదని, ఆ ప్రాంతవాసులకు కోర్టుకు వచ్చే హక్కు ఉందని తేల్చింది. మాస్టారూ, ఆ తీర్పు చదివిన రోజున నాకు నా ఉద్యోగం మీద గౌరవం పెరిగింది. మేం గీసే ఆకుపచ్చ ముక్క అలంకారం కాదని, ప్రజలకిచ్చిన మాట అని మొదటిసారి గట్టిగా అనిపించింది.

వెంటనే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఆ సర్వే నంబరుపై సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తిపై జరిగిన లావాదేవీల పత్రం) తీయించి, ఏవైనా అమ్మకాలు అప్పుడే జరిగాయేమో చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత ఆస్తుల (అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల) జాబితాలో ఈ స్థలాన్ని చేర్చమని కమిషనర్‌కూ కలెక్టర్‌కూ రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రశీదు తీసుకోండి. రశీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పార్కులో రావి, వేప కలిసి పెరిగిన పెద్ద చెట్టు ఉంది. ఆడవాళ్లం ప్రదక్షిణలు చేస్తాం. ఇప్పుడు కొందరు దాని చుట్టూ గ్రానైటు అరుగు కట్టి, చిన్న గుడి, పక్కనే షెడ్డు వేస్తామని చందాలు వసూలు చేస్తున్నారు. వద్దంటే దేవుడికి అడ్డం వస్తారా అంటున్నారు. నాకు భక్తి ఉంది, పార్కూ కావాలి.
— గృహిణి, తెనాలి ప్రాంతం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చివరి వాక్యం నా మనసులో మాటే. నేనూ కార్తికంలో ఉసిరి చెట్టు కింద దీపం పెట్టే మనిషినే.

చట్టం సంగతి సూటిగా ఉంది. 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రోడ్ల మీద, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా పేరుతో ఏ అనుమతి లేని కట్టడమూ కొత్తగా రాకూడదు. ఏ మతానికీ మినహాయింపు లేదు. చందాల పుస్తకం పట్టుకుని వచ్చినవారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

కానీ చట్టం కన్నా ముందు ఆ చెట్టు సంగతి చూడాలి. మొదలు చుట్టూ సిమెంటు పోసి గ్రానైటు పరిస్తే నేలలోకి నీరు దిగదు, వేళ్లకు గాలి ఆడదు. నష్టం వెంటనే కనబడదు. రెండు మూడేళ్లకు పై కొమ్మలు ఎండుతాయి, ఆ తర్వాత ఒక గాలివానకు చెట్టు కూలుతుంది, అప్పుడు అందరూ గాలివానను తిడతారు. ఢిల్లీలో చెట్ల మొదళ్లకు ఇలా సిమెంటు బిగించేస్తున్నారని 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ముందుకు ఫిర్యాదు వెళ్లింది. ప్రతి చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ట్రైబ్యునల్ ఆదేశించింది. మీ రావిచెట్టు వయసుకు మీటరు కూడా చాలదు. ప్రదక్షిణకు మట్టి బాట ఉంచుకోండి. దీపాలు పెట్టడానికి మొదలుకు దూరంగా, చెట్టుకు తగలకుండా ఒక రాతి పలక వేసుకోండి. నూనె, పసుపు నీళ్లు వేళ్లలో పోయవద్దని పెద్దవాళ్లకు మీరే చెప్పాలి. మేం చెబితే వినరు. చెట్టునే దేవుడిగా కొలుస్తున్నప్పుడు దానికి ఊపిరాడేలా చూడటం కూడా పూజలో భాగమే కదమ్మా.

ప్రశ్న: కరీంనగర్ జిల్లాలో అనుమతి లేని వెంచర్‌లో ప్లాటు కొన్నాం. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద సొమ్ము కట్టాం. అందులో ‘ఓపెన్ స్పేస్ చార్జీలు 14 శాతం’ అని వసూలు చేశారు. మరి మా పార్కు ఏది?
— ప్రైవేటు ఉద్యోగి

జవాబు: ఈ ప్రశ్న వేసినందుకు మీకు ధన్యవాదాలు. వేలాది మంది కట్టారు, అడిగినవారు తక్కువ.

తెలంగాణ 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో, వెంచర్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే, దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకున్నారు. అంటే వెంచర్ వేసినవాడు మింగిన పార్కుకు ధర మీరు చెల్లించారు. సొమ్ము కట్టినంత మాత్రాన స్థలం పుట్టదు. పక్కపక్కనే పది వెంచర్లు ఇలాగే వచ్చాయంటే అక్కడ మైళ్ల కొద్దీ ఇళ్లే తప్ప ఒక్క చెట్టు నీడ ఉండదు. క్రమబద్ధీకరణ పథకాల మీద నాకున్న ప్రధాన అభ్యంతరం ఇదే. పేదవాడి ప్లాటును చట్టబద్ధం చేయడం న్యాయమే. కానీ లేని పార్కును రసీదుతో సరిపెట్టడం పిల్లలకు అన్యాయం.

మీరు చేయగలిగింది ఉంది. మీ మున్సిపాలిటీలో ఈ పద్దు కింద ఎంత వసూలైంది, మీ వార్డు నుంచి ఎంత, ఏ పనికి ఖర్చయింది అని సమాచార హక్కు కింద అడగండి. జవాబు చేతికొచ్చాక నలుగురూ కలిసి ఒక ప్రతిపాదన పెట్టండి. మీ చుట్టుపక్కల ప్రభుత్వ స్థలం ముక్క, పాత బావి చుట్టూ ఖాళీ, కుంట గట్టు, నాలా ఒడ్డు ఏదో ఒకటి ఉంటుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండుగా ఉన్నప్పటి నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. ఆ బఫర్ ఎలాగూ ఎవరూ కట్టుకోకూడని నేల. చెట్లు పెట్టి బాట వేస్తే మీకు పార్కు, చెరువుకు కాపలా. ఒక్క వెంచర్‌కు ఒక్క పార్కు రాకపోయినా, నాలుగు వెంచర్లకు కలిపి ఒక మంచి గట్టు దొరుకుతుంది.

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలంటోంది. వార్డుకు నాలుగు కమిటీలు (యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు), ఒక్కోదానిలో 15 మంది ఉండాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న బాధ్యతను కూడా అందులోనే పెట్టారు. మీ వార్డు కమిటీలో ఉన్నవారి పేర్లు మీకు తెలుసా? తెలియకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ప్రశ్న: విశాఖలో మా వీధంతా ఏడాకుల పాల చెట్లే. అక్టోబరు వస్తే రాత్రిళ్లు ఆ వాసనకు తలనొప్పి, మా అత్తగారికి ఆయాసం. కొట్టేయమని కొందరు సంతకాలు సేకరిస్తున్నారు. నాకు చెట్టు కొట్టాలంటే చేయి రాదు. ఏం చేయాలి? కొత్తగా నాటితే ఏవి నాటాలి?
— బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన గాలితో వచ్చి విశాఖ నెత్తిన పడింది. నీడనిచ్చే చెట్లు లెక్కలేనన్ని ఒక్క రోజులో నేలకొరిగాయి. నగరం బోడిగా కనిపిస్తుంటే ఎవరికీ మనసు నిలవలేదు, త్వరగా పెరిగేవి కావాలన్నారు. ఏడాకుల పాల త్వరగా పెరుగుతుంది, నిటారుగా పోతుంది, పశువులు ముట్టవు. అందుకే వీధులకు వీధులు అదే నాటారు. తొందరలో చేసిన ఎంపిక అది, దురుద్దేశం లేదు.

మీ వీధిలో చెట్లన్నీ ఒకేసారి కొట్టించవద్దు. ఎండాకాలంలో మీరే బాధపడతారు. వరుసలో మూడింట ఒకటి చొప్పున తీస్తూ, ఆ చోట వేరే జాతి నాటి, అది ఎదిగాక తర్వాతి దాని దగ్గరికి వెళ్లాలి. ఆయాసం ఉన్నవారి కిటికీకి ఎదురుగా ఉన్న చెట్టుతో మొదలుపెట్టమని జీవీఎంసీ ఉద్యానవన విభాగానికి రాయండి. పూతకు ముందే, సెప్టెంబరు లోపు కొమ్మలు కత్తిరిస్తే ఆ ఏడాదికి వాసన తగ్గుతుంది. కత్తిరింపు మాత్రం వాళ్ల మనుషులతోనే చేయించండి. కరెంటు వాళ్లు తీగల కోసం ఒక వైపే నరికిన చెట్టు బరువు మరో వైపుకు వాలి, గాలికి ముందుగా అదే పడుతుంది.

ఇక ఏవి నాటాలి? తీగలు లేని వెడల్పు రోడ్డుకు కానుగ, వేప, నేరేడు, పొగడ. సముద్రం దగ్గరి వీధులకు పొన్న చాలా మంచిది. ఉప్పుగాలికి తట్టుకుంటుంది, ఆకు దట్టంగా ఉంటుంది. తీగల కింద అయితే దేవకాంచనం, పారిజాతం వంటి చిన్నవి. రావి, మర్రి ఇంటి గోడల పక్కన వద్దు, కానీ పార్కు మధ్యలో తప్పకుండా ఒకటి ఉండాలి, పక్షుల కోసం. కోనోకార్పస్ జోలికి పోకండి. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడం నిషేధించాయి. ఒకే జాతితో వీధి నింపవద్దన్నది మరీ ముఖ్యం. 2021 ప్రాంతంలో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొనల నుంచి కిందికి మాడిపోవడం మీరూ చూసే ఉంటారు. ఒక శిలీంధ్రం చేసిన పని అది. వేపలు మాత్రమే ఉన్న వీధులు ఆ ఏడాది నీడ మొత్తం కోల్పోయాయి.

నాటే పద్ధతి గురించి కూడా రాస్తాను, ఎందుకంటే మొక్కలు చచ్చేది ఇక్కడే. గడ్డపారతో జానెడు గుంట తీసి, పాలిథిన్ సంచి చింపకుండానే మొక్కను దింపి ఫొటో తీసుకునే నాటకం నేను చాలాసార్లు చూశాను. అది మొక్కను పాతిపెట్టడం. గొయ్యి మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉండాలి. నగరంలో తవ్వితే ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు, పాత గుడ్డలు వస్తాయి. అవన్నీ ఏరి పారేసి, చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. సంచిని నిలువుగా కోసి తీసేయాలి. అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేత్తో విడదీయాలి, లేకపోతే అవి ఎదిగాక తమను తామే బిగించుకుంటాయి. మొక్క మీ భుజం ఎత్తు ఉండాలి. ఊతకర్రకు వదులుగా, ఎనిమిది అంకె ఆకారంలో కట్టాలి. ట్రీ గార్డు ఇనుపదైతే మూడో ఏట గుర్తుపెట్టుకుని తీసేయాలి. కాండంలోకి ఇనుము దిగిపోయిన చెట్లు మన రోడ్ల మీద ఎన్నో. రెండు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు రెండు బిందెల నీళ్లు. అంతే. ఇది చేసేవారు వీధిలో ఒక్కరున్నా పది మొక్కలు బతుకుతాయి, ఎవరూ లేకపోతే వెయ్యి నాటినా దండగ.

ప్రశ్న: రోడ్డు వెడల్పు కోసం మా దారిలో చెట్లకు ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. నలభై, యాభై ఏళ్ల చెట్లు. వాటిని వేరే చోటికి తరలిస్తామని, ఒక్కదానికి బదులు పది మొక్కలు నాటుతామని చెబుతున్నారు. నమ్మవచ్చా?
— ఆటో నడిపే సోదరుడు, హనుమకొండ

జవాబు: అన్నా, నంబర్లు వేశారంటే ఇంకా సమయం ఉందని అర్థం. రేపు పొద్దున్నే ఫోన్‌తో ప్రతి చెట్టునూ నంబరు కనపడేలా ఫొటో తీయండి. ఛాతీ ఎత్తులో టేపుతో చుట్టుకొలత కొలిచి, చెట్టు పేరుతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు ‘ముప్పై కొట్టాం’ అని వాళ్లు చెబితే, నలభై ఏడని మీ పుస్తకం చెప్పాలి.

నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం 2002లో వచ్చిన వాల్టా చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. దాని ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. ప్రభుత్వ శాఖ అయినా అడగాల్సిందే. అనుమతి ఉత్తర్వు, అందులో ఎన్ని చెట్లు, ఏ షరతులు అన్నది అడిగి తీసుకోండి. రోడ్డు డిజైన్ పటం కూడా అడగండి. చాలాసార్లు చెట్టు అడ్డం వచ్చేది రోడ్డుకు కాదు, మురుగు కాలువకు. కాలువను నాలుగడుగులు పక్కకు జరిపితే చెట్ల వరుస మొత్తం ఫుట్‌పాత్‌లోకి వచ్చి నిలబడుతుంది. ఇది నేను గీతలు గీసిన మనిషిగా చెబుతున్నాను. డిజైన్ దశలో ఇంజనీరుకు అది అరగంట పని. టెండరు అయిపోయాక ఆరు నెలల పని. అందుకే ముందుగా అడగాలి.

తరలింపు మాటకొస్తే, చిన్న వయసు రావి, మర్రి వంటివి జాగ్రత్తగా తీస్తే బతుకుతాయి. యాభై ఏళ్ల చింతచెట్టును వేళ్లు తెగ్గొట్టి, కొమ్మలన్నీ నరికి, మోడును క్రేన్‌తో ఎత్తి నాటితే అది బతికే అవకాశం తక్కువ. బతికినా ఆ నీడ మళ్లీ రావడానికి మీ మనవడు ఆటో నడిపే వయసు రావాలి. ఒకటికి పది మొక్కలన్న లెక్కలో కూడా ‘ఎక్కడ నాటుతారు, ఎవరు నీళ్లు పోస్తారు’ అన్నవే అసలు ప్రశ్నలు. ఊరవతల గుట్ట మీద నాటిన పది మొక్కలు మీ ఆటోస్టాండుకు నీడ ఇవ్వవు.

ఇంకో జాగ్రత్త: పండుగ సెలవుల్లో కళ్లు తెరిచి ఉంచండి. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల దగ్గర యంత్రాలు దిగింది 2025 ఉగాది సెలవుల్లోనే. విద్యార్థులు అడ్డం నిలబడి, ఫొటోలు, వీడియోలు బయటికి తెచ్చారు కాబట్టే ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కల్పించుకుని పనులు ఆపించింది. అప్పటికే ఎన్నో చెట్లు పడిపోయాయి. కోర్టు ఆపగలదు, పడిన చెట్టును నిలబెట్టలేదు.

ప్రశ్న: మా పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చిందన్నారు. ఆఫీసులో గోడకు పటం వేలాడదీశారు. రంగులు తప్ప మాకేమీ అర్థం కాలేదు. దాంట్లో ఏం చూడాలి?
— కిరాణా వ్యాపారి, ప్రకాశం జిల్లా

జవాబు: వెళ్లి చూసినందుకే మీకు దండం పెట్టాలి. సాధారణంగా పసుపు అంటే నివాస ప్రాంతం, నీలం వ్యాపారం, ఊదా పరిశ్రమలు, ఎరుపు ప్రభుత్వ, ప్రజా అవసరాల స్థలాలు, ఆకుపచ్చ పార్కులు, ఆట స్థలాలు. పక్కన సూచిక ఉంటుంది, దానితో సరిపోల్చుకోండి. మీ ఇల్లు వెతుక్కోవడం అందరూ చేసే పని. అది అయ్యాక చెరువు, వాగు, శ్మశానం, సంత, పాఠశాల మైదానం, పశువుల బీడు ఎక్కడున్నాయో వెతకండి. ఇప్పుడు నేలమీద ఖాళీగా ఉన్నది పటంలో పసుపు రంగులోకి వెళ్లిపోయిందేమో చూడండి. పాత మాస్టర్ ప్లాన్ నకలు అడిగి రెండూ పక్కపక్కన పెట్టండి. రంగు మారిన ప్రతి చోటా కారణం అడగవచ్చు.

ఆకుపచ్చ కనబడగానే సంతోషించవద్దు, అది ఎవరి నేల మీద వేశారో చూడండి. 2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాల రైతులు ముసాయిదా మాస్టర్ ప్లాన్ల మీద రోడ్డెక్కారు. తమను అడగకుండా సాగు భూములను పరిశ్రమల జోన్‌లో, వినోద జోన్‌లో చూపారన్నది వారి ఆవేదన. చివరికి మున్సిపల్ పాలకవర్గాలు ఆ ముసాయిదాలు వద్దని తీర్మానించాయి. పెద్దవాళ్ల వెంచర్ పసుపులో, రెండెకరాల రైతు పొలం ఆకుపచ్చలో ఉంటే అది పర్యావరణం కాదు, అన్యాయం. పట్టణానికి పార్కు కావాలంటే ప్రభుత్వ భూమి వెతకాలి, లేదా న్యాయమైన పరిహారం ఇచ్చి సేకరించాలి. రంగు పూసి ఇరవై ఏళ్లు వదిలేస్తే రైతు అమ్ముకోలేడు, పార్కూ రాదు.

అభ్యంతరాల గడువు ప్రకటనలోనే ఉంటుంది, ఆ తేదీ దాటనివ్వకండి. ‘మాస్టర్ ప్లాన్ బాగోలేదు’ అని రాస్తే ఎవరూ చదవరు. ‘సర్వే నంబరు ఫలానాలోని కుంటను నివాస జోన్‌గా చూపారు, దీన్ని నీటి వనరుగా, చుట్టూ బఫర్‌తో చూపాలి’ అని ఒక్కో చోటికి ఒక్కో ఉత్తరం రాయండి. రెవెన్యూ రికార్డు నకలు జతచేయండి. మీ కొట్టుకు వచ్చే నలుగురి చేతా రాయించండి. అదే వాక్యం జిరాక్సు తీసిన వంద కాపీలకన్నా, ఎవరి నేల గురించి వారు రాసిన ఐదు ఉత్తరాలు కమిటీ ముందు బలంగా నిలుస్తాయి.

ప్రశ్న: ప్లానింగ్ చదువుతున్నాను. మా ప్రాజెక్టులో మనిషికి ఎన్ని చదరపు మీటర్ల పచ్చదనం అని లెక్క కట్టాలి. ఏ ప్రమాణం తీసుకోవాలి?
— విద్యార్థి, విజయవాడ

జవాబు: బాబూ, కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం చెబుతాయి. రాసుకో. కానీ ఆ లెక్కలోకి రోడ్డు మధ్య డివైడరు, తాళం వేసిన క్లబ్బు, కొండ మీద ఎవరూ వెళ్లని అడవి వస్తే సగటు అందంగా కనిపిస్తుంది, వన్‌టౌన్ ఇరుకు సందులో ఉండే ముసలమ్మకు మాత్రం కూర్చోవడానికి చోటుండదు. కోనైనెండైక్ అనే అటవీ శాస్త్రవేత్త 2021లో ప్రతిపాదించిన 3-30-300 సూత్రాన్ని పక్కన పెట్టుకుని చూడు. ప్రతి ఇంటి నుంచీ మూడు చెట్లు కనబడాలి, ప్రతి పేటలో ముప్పై శాతం మీద చెట్ల నీడ పరుచుకోవాలి, మూడు వందల మీటర్లలో పార్కు ఉండాలి. మన పాతపేటల్లో ఆ ముప్పై సాధ్యం కాకపోవచ్చు. మూడు వందలు మాత్రం నడిచి కొలవగలవు. కంప్యూటర్ ముందు గీసే వలయం కాదు, రోడ్డు దాటి, కాలువ వంతెన ఎక్కి, ఒక పిల్లను చేయిపట్టుకుని నడిచే దూరం కొలువు.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో తరగతి. మా పార్కులో ముందు ఆడుకునేవాళ్లం. ఇప్పుడు చుట్టూ వాకింగ్ ట్రాక్, మధ్యలో లాన్, మిగిలినచోట వ్యాయామం యంత్రాలు పెట్టారు. బంతి ఆడితే తాతయ్యలు కోప్పడుతున్నారు. సాయంత్రం ఆరింటికే పిల్లల్ని వెళ్లిపోమంటున్నారు.
— నంద్యాల నుంచి ఒక అమ్మాయి

జవాబు: తల్లీ, నీకు కోపం రావడం న్యాయమే. పార్కు అంటే పెద్దవాళ్లు చక్కెర తగ్గించుకోవడానికి తిరిగే చోటు మాత్రమే అన్నట్టు తయారైంది. లాన్ వేస్తే నీళ్లు తాగుతుంది, నీడ ఇవ్వదు, ‘గడ్డి తొక్కరాదు’ అని బోర్డు పెట్టాలి. పిల్లలు తొక్కకూడని పార్కు నాకు అర్థం కాదు.

నువ్వూ, నీ స్నేహితులూ కలిసి మున్సిపల్ కమిషనర్ గారికి తెలుగులో ఒక ఉత్తరం రాయండి. ఎంతమంది ఆడుకుంటారు, ఏ ఆటలు, ఏ వేళల్లో అన్నది రాయండి. తెల్ల కాగితం మీద పార్కు బొమ్మ గీసి, ఇప్పుడున్నవి చూపించి, మీకు కావలసిన మట్టి నేల ఎక్కడో గుర్తుపెట్టండి. ఒక వైపు ట్రాక్‌ను కొంచెం లోపలికి వంచితే పిల్లలకు స్థలం వస్తుందేమో అడుగులతో కొలిచి రాయండి. అమ్మాయిలకు మరుగుదొడ్డి, చీకటి పడ్డాక దీపం, తాగునీరు కూడా అడగండి. అవి లేకనే చాలామంది అమ్మలు ఆడపిల్లల్ని పార్కుకు పంపరు. కోప్పడే తాతయ్యలతో ముందుగా మాట్లాడండి. వాళ్లలో ఒకరిద్దరు తప్పకుండా మీ ఉత్తరం కింద సంతకం పెడతారు. సోమవారం మీ అమ్మగారితోనో టీచరుతోనో వెళ్లి ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. నెల రోజుల్లో ఏమీ కదలకపోతే ఆ కాపీ ఫొటో తీసి ఈ శీర్షికకు పంపించు. కమిషనర్ గారికి నేను కూడా రాస్తాను.